జోడీ పుస్తకాలు

కొన్నాళ్లుగా నేను పుస్తకాలు రెండేసి చొప్పున చదువుతున్నాను. ఒకటి ముగించి రెండోది అందుకోవడం కాదు. రెండూ పక్కపక్కనే పెట్టుకుని దీంట్లో ఓ ప్రకరణం, దాంట్లో ఓ ప్రకరణం. చూసేవాళ్లకు ఇది చాదస్తంగానే ఉంటుంది. ఏడాదికి ఇన్నని గీత గీసుకుని చదివే మిత్రులైతే జాలిపడతారు కూడా. డిసెంబరు చివర్లో వాళ్లు చదివినవాటి జాబితాలు వాట్సాప్‌లో పెడుతుంటే, నా లెక్క సగం సగం పుస్తకాల దగ్గరే ఆగి ఉంటుంది.

అయినా ఈ పద్ధతి వదలబుద్ధి కావడం లేదు. ఎందుకంటే ఒంటరిగా చదివితే ఏ మంచి పుస్తకమైనా మనల్ని ఒప్పించేస్తుంది. మంచి రచయిత పనే అది. తన మాట తప్ప మరో మాట చెవిన పడకుండా కూర్చోబెడతాడు. చివరి పేజీ తిప్పేసరికి లోకం అచ్చంగా అతను చెప్పినట్టే ఉందనిపిస్తుంది. పక్కన రెండోది పెట్టామంటే కథ మారుతుంది. తగువు తీర్చే పెద్దమనిషి వాదినీ ప్రతివాదినీ ఎదురెదురుగా కూర్చోబెట్టినట్టవుతుంది. అప్పుడు తేలేది ఎవరిది నిజమని కాదు. ఎవరు దేని దగ్గర గొంతు తగ్గించారు, ఎవరు దేన్ని చూసీ చూడనట్టు దాటేశారు అన్నది. నాకు ఆ దాటేసిన చోట్లే ఇష్టం.

ఈ వేసవి నుంచి నా మంచం పక్క బల్ల మీద తిరిగిన కొన్ని జోడీల గురించి, ఇకముందు చదవాలని పోగేసుకున్నవాటి గురించి కాసేపు.

నూరుమంది పరివారం, ఖాళీ జేబు

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. ఇంగ్లీషు దొరల దగ్గర పలుకుబడి ఉన్న మనిషి. వెంట నూరుమంది దాకా పరివారం, పల్లకీలు, డేరాలు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు. అక్కణ్నుంచి నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ, గయ. తిరుగు ప్రయాణం కలకత్తా, పూరీ, శ్రీకాకుళం, రాజమండ్రి, నెల్లూరు దారిన. 1831 సెప్టెంబరు 3కి ఇల్లు చేరాడు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లైకి రాసి పంపిన సంగతులే 'కాశీయాత్ర చరిత్ర' అయ్యాయి. వీరాస్వామయ్య 1836లో పోయాడు. ఆ పుస్తకం 1838లో పిళ్లైగారి పూనికతో అచ్చయింది. తర్వాత 1941లో దిగవల్లి వేంకట శివరావు వివరణలతో మళ్లీ తెచ్చారు. నేను చదివింది ఈ 1941 కూర్పు, ఇంటర్నెట్‌లో దొరికే స్కాను. ఒక పేజీ మూలన స్కాన్ చేసినాయన బొటనవేలు కూడా అచ్చు పడింది. ఆ వేలి కింద ఒక ఊరి పేరు నలిగిపోయింది.

ఒప్పుకోవాలి, మొదట్లో ఈ పుస్తకం విసుగు పుట్టిస్తుంది. ఊరి పేరు, ఎంత దూరం, బస ఎక్కడ, నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో ఏం దొరుకుతాయి. మర్నాడు మళ్లీ ఇంకో ఊరు, మళ్లీ అదే వరస. పది ఊళ్లు దాటాక అసలు విషయం తలకెక్కుతుంది. ఆయన మన కాలక్షేపం కోసం రాయడం లేదు. అదే దారిన తన వెనక రాబోయేవాడి కోసం రాస్తున్నాడు. నీళ్లు లేని చోట నీళ్లు లేవని చెప్పకపోతే ఆ వచ్చేవాడి గొంతెండిపోతుంది. అలా చదవడం మొదలుపెట్టాక ఒక్కో వాక్యం బరువెక్కింది.

అన్నిటికంటే నెమ్మదిగా చదివింది కోస్తా జిల్లాల భాగం. ఆయన ఆ దారిన వెళ్లింది 1831లో. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలు కావడానికి ఇంకా పదహారేళ్లుంది. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టిన డొక్కల కరువు 1832–33లో రాబోతోంది. ఆ సంగతి ఆయనకు తెలియదు, మనకు తెలుసు. బజారు బాగుందని ఆయన రాసిన చోటల్లా, ఆ కొట్టువాడు మరో రెండేళ్లకు బతికి ఉన్నాడా అన్న ప్రశ్న మనకు తగులుతుంది.

దీనికి జోడీగా తీసింది తిరుమల రామచంద్ర 'హంపీ నుంచి హరప్పా దాక'. అదీ దేశం చుట్టిన మనిషి కథే. కాకపోతే ఇతనికి పల్లకీ లేదు, జేబులో డబ్బూ లేదు. అనంతపురం జిల్లాలో పుట్టి, హంపీ రాళ్ల పక్క పెరిగి, తిరుపతిలో సంస్కృతం చదివి, స్వాతంత్య్రోద్యమంలో జైలు చూసి, లాహోరు దాకా వెళ్లి అక్కడ రాతప్రతుల పట్టికలు తయారుచేసిన పండితుడు. పుస్తకానికి 2002లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, ఆయన పోయిన అయిదేళ్లకు.

వీరాస్వామయ్య వెంట నడిచిన నూరుమందిలో ఒక్కరైనా తమ ప్రయాణం తాము రాసుకుని ఉంటే ఎలా ఉండేదని అంతకుముందు అనుకుంటూ ఉండేవాణ్ని. బోయీ కావచ్చు, వంటవాడు కావచ్చు, మధ్యలో చేరిన ఓ పేద బ్రాహ్మడు కావచ్చు. రామచంద్ర చదువుతుంటే ఆ లోటు కొంత తీరింది. పెద్దాయన చూపు దారి మీద, వసతి మీద, సర్కారు బందోబస్తు మీద. ఈయన చూపు ఎప్పుడూ మనుషుల మీదే. చదువు చెప్పినవాళ్లు, అన్నం పెట్టినవాళ్లు, జైల్లో పక్కన పడుకున్నవాళ్లు. ఎక్కడికి వెళ్లినా ముందు ఎవరింటికి వెళ్లాలో చూసుకోవలసినవాడికి మనుషులే మైలురాళ్లు. డబ్బున్నవాడికి బస ఉంటే చాలు. ఈ తేడా ఏ ఒక్క పుస్తకంలోనూ రాసి లేదు. రెంటి మధ్య ఉంది.

ఒక్క ఫిర్యాదు. లాహోరు రోజులు రామచంద్ర మరింత విస్తారంగా రాసి ఉంటే బాగుండేది. ఆ ఊరు మళ్లీ మనకు అలా దొరకదు.

మార్జిన్‌లో తగువు

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల గైడ్లు, ఇంజినీరింగ్ పుస్తకాలు, చేతన్ భగత్‌లూ పోగా తెలుగుకు మిగిలేది ఓ మూల జానెడు జాగా. అక్కడ వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' చేతిలోకి తీసుకుంటే అమ్మే అతను కింద నుంచి ఇంకోటి లాగాడు, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'.

"ఒక్కటే ఏం జేస్కుంటవ్ సార్, గిది గూడ తీస్కో. రెండు కలిపి నూటయాభై ఇయ్యి."

"నూట ఇరవై."

"అట్లయితే ఒక్కటే తీస్కపో సార్. రెండోది ఇంకెవరన్న అడుగుతరు."

నూటయాభై ఇచ్చి తెచ్చుకున్నాను. జోడీలు కట్టడం నాకొక్కడికే తెలుసనుకోవడం పొరపాటేనన్నమాట.

'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. 'చిల్లర దేవుళ్ళు' 1969లో. రెండూ నిజాం కాలం తెలంగాణ పల్లె మీద, దొర మీద, వెట్టి మీద రాసిన నవలలే. ఇద్దరి మధ్యా బంధం కూడా ఉంది. ఆళ్వారుస్వామి తెలంగాణ ప్రజల బతుకును వరసగా నవలల్లోకి ఎక్కించాలనుకుని, రెండో నవల 'గంగు' పూర్తికాకుండానే 1961లో పోయారు. ఆ పనిని రంగాచార్య తన భుజానికెత్తుకున్నారు. 'చిల్లర దేవుళ్ళు', 'మోదుగుపూలు', 'జనపదం' అలా వచ్చినవే.

విడివిడిగా చదివినప్పుడు రెండూ ఒకే గుడ్డలోంచి చింపిన ముక్కల్లా అనిపించాయి. కలిపి చదివితే అస్సలు కాదు. 'చిల్లర దేవుళ్ళు' లోకి పాఠకుణ్ని తీసుకెళ్లేది సారంగపాణి, బతుకుదెరువు వెతుక్కుంటూ కోస్తా వైపు నుంచి వచ్చిన సంగీతగాడు. అతనికి ఆ ఊళ్లో అన్నీ కొత్త. దొర గడీ కొత్త, వెట్టి కొత్త, దొర ఇంటి దాసీలైన ఆడబాపల బతుకు కొత్త. అతనికి విడమరిచి చెబుతుంటే మనకూ తెలుస్తుంది. కథ చకచకా సాగడానికి ఇదే కారణం, 1977లో సినిమాగా రావడానికీ బహుశా ఇదే కారణం. 'ప్రజల మనిషి' లో కంఠీరవం ఆ ఊరివాడే. అక్కడ ఎవరూ ఎవరికీ ఏదీ విప్పి చెప్పరు, అందరికీ తెలిసిందే కదా. బయటివాడు చదివితే కొన్నిచోట్ల తడబడతాడు. నవలగా చూస్తే ఇది మొరటుగానే ఉంటుంది. ఉపన్యాసాలు ఎక్కువ, పాత్రలు కొన్నిసార్లు రచయిత గొంతుతోనే మాట్లాడతాయి. అయినా దొర దుర్మార్గాన్ని ఇది తమాషాగా చూపించదు. ఆళ్వారుస్వామి హోటల్లో సర్వరుగా, పత్రికాఫీసులో ప్రూఫ్ రీడరుగా పనిచేసినవాడు, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా తిరిగి పుస్తకాలమ్మినవాడు, జైల్లో ఏళ్లు గడిపినవాడు. ఘోరాన్ని చూసి ఆశ్చర్యపోయే దశ ఆయన ఎప్పుడో దాటేశాడు. రంగాచార్య గొప్ప కథకుడు, ఆళ్వారుస్వామి సాక్షి. నన్ను తేల్చమంటే నా ఓటు సాక్షికి.

నాకు దొరికిన 'చిల్లర దేవుళ్ళు' ప్రతిలో ఇంకో బహుమానం ఉంది. వెట్టి గురించిన ఓ పేరా పక్కన పెన్సిలుతో ఎవరో "ఇంతకన్న ఎక్కువనే జరిగింది" అని రాశారు. దాని కింద నీలి ఇంకుతో, వేరే చేతిరాత: "మా దిక్కు గింత లేకుండె." ఆ కింద మళ్లీ పెన్సిలు: "మీరు దొరలా?" అక్కడితో ఆగింది. నీలి ఇంకు మళ్లీ ఎక్కడా కనిపించలేదు. ఏ విమర్శ గ్రంథమూ నాకు ఈ మూడు వాక్యాలు చెప్పినంత చెప్పలేదు.

బరువైన సర్వస్వాలు

రావిశాస్త్రినీ పతంజలినీ కలిపి చదవడం కొత్త సంగతేమీ కాదు. విశాఖపట్నం, విజయనగరం పక్కపక్కనే. ఒకరు కోర్టులో నల్లకోటు వేసుకున్న వకీలు, మరొకరు పత్రికాఫీసులో సంపాదకుడు. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' లో 'మాయ' చదివి వెంటనే పతంజలి 'గోపాత్రుడు', 'పిలక తిరుగుడు పువ్వు' చదివాను. అక్కడ సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుకు లోకం తీరు బోధిస్తుంది. ఇక్కడ భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అన్న ఊరి తగువు కోర్టు మెట్లెక్కుతుంది. ఇద్దరూ నవ్విస్తారు. రావిశాస్త్రి నవ్వించాక ఒళ్లు మండుతుంది. పతంజలి నవ్వించాక ఆ మంట కూడా మిగలదు, న్యాయమనే మాట మీదే నమ్మకం సడలుతుంది. నా మటుకు నాకు రావిశాస్త్రి దగ్గర ఇంకా ఆశ ఉంది.

మనసు ఫౌండేషన్ వీళ్లిద్దరి రచనలూ, కాళీపట్నం రామారావు రచనలూ సమగ్ర సంపుటాలుగా తెచ్చి తెలుగువాళ్లకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. పడుకుని చదివేవాళ్లకు మాత్రం అవి ప్రమాదం. నిద్ర పట్టిందంటే ముక్కు మీద పడతాయి.

ఒక గొంతు, అనేక గొంతులు

ఈ మధ్య చదివినవాటిలో నన్ను చాలాకాలం వదలని జోడీ ఇది.

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చేసరికి ఆవిడకు తొంభై దాటాయి. 1918లో పుట్టి, నూరేళ్లు చూసి, 2018లో వెళ్లిపోయారు. బాల్య వైధవ్యం, పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, ఆ తర్వాత భర్త విడిపోవడం, కన్న బిడ్డలిద్దరూ తనకంటే ముందే పోవడం. ఇందులో ఏ ఒక్కటి చాలదు ఒక మనిషిని కుంగదీయడానికి? ఆవిడ మాత్రం గొంతు పెంచరు. చిన్న చిన్న ప్రకరణాలు, చిన్న వాక్యాలు. విడిచి వెళ్లిన మనిషి గురించి రాసేటప్పుడు కూడా అంతే.

నేను రెండుసార్లు చదివింది ఉద్యమ భాగం కాదు. ఆవిడ నడివయసులో హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ పుస్తకాలు పట్టుకున్న భాగం. ఆ వెనక కాకినాడ పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం. అజ్ఞాతవాసంలో ఊరు మార్చి ఊరు తిరిగిన మనిషికి మొదటిసారి తన పేరు మీద ఒక జీతం, ఒక గది. తెలుగులో విప్లవం గురించి అల్మరాలు నిండేంత సాహిత్యం ఉంది. విప్లవం నుంచి బయటికొచ్చిన ఆడమనిషి నెలనెలా ఎలా గడుపుకొచ్చిందన్నది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చోట్లే కనిపిస్తుంది.

దీని పక్కన 'మనకు తెలియని మన చరిత్ర' పెట్టాను. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలను వెతికి పట్టుకుని, ఎదురుగా కూర్చుని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చువేశారు. మల్లు స్వరాజ్యం ఉన్నారు, చాకలి ఐలమ్మ ఉన్నారు, ఉద్యమం కోసం పసిబిడ్డను వదులుకున్న కమలమ్మ ఉన్నారు. ఇంకా పెద్దగా పేరు వినని చాలామంది ఉన్నారు.

మాట్లాడిన పుస్తకానికీ రాసిన పుస్తకానికీ ఎంత దూరమో ఈ జోడీలో తెలిసింది. మాట్లాడేవాళ్లు ఒక సంగతి మొదలుపెట్టి ఇంకో సంగతిలోకి జారిపోతారు. తుపాకీ గురించి చెబుతూ మధ్యలో అన్నం ఎవరు వండారో చెబుతారు. తారీఖులు కలిసిపోతాయి. మీటింగులో ఎవరేమన్నారో మరిచిపోయిన మనిషి, ఆ రోజు తాను కట్టుకున్న చీర మాత్రం మరిచిపోదు. కోటేశ్వరమ్మ అవన్నీ ఏరి, సర్ది, పక్కన పెట్టాల్సింది పెట్టి రాశారు. అందుకే ఆవిడ పుస్తకం చదువుతుంటే, ఏం పక్కన పెట్టి ఉంటారన్న ఆలోచన వెంటాడుతుంది. రెండో పుస్తకంలోని ఆడవాళ్లు గట్టిగానే అడిగిన ప్రశ్న ఒకటుంది. 1951లో పోరాటం విరమించాక మమ్మల్ని ఇంటికెళ్లి సంసారం చూసుకొమ్మన్నారేం, అని. కోటేశ్వరమ్మ దాన్ని ప్రశ్నగా వెయ్యరు. హాస్టల్ ఉద్యోగం గురించి రాస్తారు. రెండూ ఒకటేనని నాకు జోడీగా చదివాకే బోధపడింది.

ఎవరైనా నన్ను ఒక్క జోడీ చెప్పమంటే ఇదే చెబుతాను. రెండోది ముందు మొదలుపెట్టమంటాను.

కుదరని సంబంధాలు

ప్రతి జోడీ కుదరదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' పక్కన చలం ఆత్మకథ పెట్టాను. ఇద్దరూ ఒక కాలం వాళ్లు, ఇద్దరూ ఆచారంతో పోట్లాడినవాళ్లు, ఇద్దరి తెలుగూ ఎవరికీ రానిది. లెక్క ప్రకారం అదిరిపోవాలి. అదరలేదు. చలం పక్కన ఏ పుస్తకాన్ని కూర్చోబెట్టినా దాన్ని మాట్లాడనివ్వడు. శ్రీపాద నెమ్మది మనిషి, గోదావరి జిల్లా ఇళ్లలో ఎవరెవరు ఎలా మాట్లాడతారో, వంటింటి గుమ్మంలో నిలబడి ఎవరు ఏమంటారో తీరిగ్గా చెబుతాడు. ఆ తీరిక చలం ముందు నీరుగారిపోయింది. నాలుగు రోజులకే చలాన్ని అల్మరాలోకి పంపి శ్రీపాదను ఒంటరిగానే ముగించాను. ఆయనకు జోడీగా పుస్తకం కంటే సాయంత్రం ఎవరైనా పెద్దవాళ్లుంటే బాగుంటుంది, గట్టిగా చదివి వినిపించుకోవడానికి.

ఇంకో జోడీ విమర్శకులు కట్టింది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' అనగానే హెమింగ్వే ముసలివాణ్నీ సముద్రాన్నీ తెచ్చి పక్కన నిలబెడతారు. అక్కడ చేప, ఇక్కడ పంది. అక్కడ సముద్రం, ఇక్కడ అడవి. ఈ పోలిక కేశవరెడ్డికి చేసిన ఉపకారం కంటే అపకారమే ఎక్కువ. అతని ముసలివాడు వేటకు వెళ్లలేదు. ఈనబోయే పందిని వెతుక్కుంటూ చీకట్లో అడవిలోకి వెళ్లాడు, దాన్ని కాపాడుకోవడానికి. సాకుకునేవాడి కథ వేరు, వేటాడేవాడి కథ వేరు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరు రాసిన పుస్తకమిది. సరైన జోడీ కోసం ఇంకా చూస్తున్నాను. అతని 'చివరి గుడిసె' తోనే కలిపి చదవాలేమో.

చిన్నవీ ఉన్నాయి. కొడవటిగంటి 'చదువు' నవల, చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథ. ఒకటి కొన్ని వందల పేజీలు, రెండోది కూర్చున్న చోట అయిపోతుంది. కొలతలు కుదరనక్కర్లేదని ఇవి నేర్పాయి. స్కూలు గేటు ముందు నిలబడ్డ చాసో కుర్రాణ్ని చూశాక, 'చదువు' లో సుందరం ఎంత అదృష్టవంతుడో అనిపించింది.

ఇక ముందున్నవి

వరసలో మొదటిది ఒక పుస్తకం దానితోనే జోడీ. కన్యాశుల్కం మొదట 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. మనమంతా చదివేది, చూసేది మాత్రం గురజాడ తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పు. అయిదంకాలు ఏడయ్యాయి, మధురవాణి మధురవాణి అయింది. మొదటి కూర్పును బంగోరె వెలికి తీసి 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో అచ్చువేశారు. పన్నెండేళ్లలో గురజాడ ఏం కొట్టేశాడు, ఏం చేర్చాడు, ఎవరికి మాటలు పెంచాడు అన్నది రంగం రంగం పక్కన పెట్టి చూడాలని ఉంది. రాయడం నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు ఏ వర్క్‌షాపూ ఇంతకంటే నేర్పదని నా గట్టి అనుమానం.

తర్వాత బండి నారాయణస్వామి 'శప్తభూమి'. అనంతపురం సీమ, పద్దెనిమిదో శతాబ్దం, హండే రాజుల కాలం. 2019లో అకాడమీ బహుమతి వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఉంది. ఇప్పటిదాకా తెరవకపోవడానికి కారణం సరైన జోడీ తోచకపోవడమే. ఇప్పుడు తోచింది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. తెలుగులో తొలి అకాడమీ బహుమతి, 1955లో, దానికే వచ్చింది. అదీ రచయిత పోయాకే. సురవరం రాజుల యుద్ధాలు వదిలేసి కావ్యాల్లోంచి, చాటువుల్లోంచి జనం తిన్నదీ కట్టుకున్నదీ ఆడుకున్నదీ ఏరి చరిత్రగా కూర్చాడు. ఒక నవలాకారుడు అదే సరుకుతో కథ ఎలా అల్లుతాడో, చరిత్రకారుడు జంకిన చోట ఎంత ధైర్యం చేస్తాడో చూడాలి.

మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం' ఇంకోటి. దేవదాసీ కుటుంబాలు, సంగీతం, అందులోని ఆడవాళ్ల బతుకు. దీని పక్కకు ముద్దుపళని 'రాధికా సాంత్వనము' తీసి పెట్టాను. తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఆవిడ రాసిన కావ్యాన్ని, దాదాపు ఒకటిన్నర శతాబ్దం తర్వాత బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చువేయించింది. అశ్లీలమని సర్కారు దాన్ని నిషేధించింది. స్వాతంత్య్రం వచ్చే వేళకు, టంగుటూరి ప్రకాశం చొరవతో గానీ ఆ నిషేధం పోలేదు. రాసిందీ అచ్చువేయించిందీ దేవదాసీ కులంలోని స్త్రీలే. నవల రాసింది మగవాడు. ఈ జోడీలో తగువు తప్పదనుకుంటున్నాను, అందుకే తొందరగా మొదలెట్టాలనుంది.

చివరిది పెద్ద పని. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1934లో నవలల పోటీ బహుమతిని రెండు పుస్తకాలకు పంచింది. విశ్వనాథ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు'. అంటే ఈ జోడీ నేను కట్టింది కాదు, న్యాయనిర్ణేతలు కట్టింది. తొంభై ఏళ్లు గడిచాయి. ఒకదానికి సహస్రఫణమంటూ పి.వి. నరసింహారావు చేసిన హిందీ అనువాదం, పదే పదే ముద్రణలు, ఇప్పటికీ చల్లారని వాదాలు. రెండోదాన్ని బాపిరాజు అభిమానులు తప్ప తలుచుకునేవాళ్లు తక్కువ. ఆ రోజు ఆ పెద్దలకు రెండూ సరిసమానంగా ఎందుకు తోచాయో తెలుసుకోవాలి. అయితే ఈ ఇద్దర్నీ వాళ్ల పాటికి వాళ్లను వదిలేస్తే జమీందారీల గురించి, సంప్రదాయం గురించి, చదువుకున్న కుర్రాళ్ల గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటారు. అందుకని మూడో మనిషిని కూడా పిలుస్తున్నాను. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండి రాసిన 'మాలపల్లి', 1922. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన నవల. సుబ్బన్నపేట కోట చుట్టూ ధర్మారావు తిరుగుతున్న కాలానికి కాస్త ముందే, ఊరి చివర పేటలో సంగదాసూ రామదాసూ ఏమనుకుంటున్నారో అందులో ఉంది. విశ్వనాథ వాక్యం ముందు తలవంచుతూనే, వేయి పడగల్లో ఏ పడగ కిందైనా ఆ పేటకు నీడ దొరికిందా అని చూడాలి. రామదాసు తత్త్వం, ధర్మారావు ధర్మం ఒకే గదిలో మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో ఊహించడానికే ఉత్సాహంగా ఉంది.

ఈ మూడింటికీ ఎంత కాలం పడుతుందో చెప్పలేను. మధ్యలో విజయవాడ పుస్తక మహోత్సవం వస్తుంది, హైదరాబాద్ బుక్ ఫెయిర్ వస్తుంది, కొత్త పుస్తకాలు వచ్చి వరస చెడగొడతాయి. ఛాయ, అన్వీక్షికి లాంటి కొత్త ప్రచురణకర్తలు పాతికేళ్ల రచయితలవి బోలెడు వేస్తున్నారు. వాళ్లను ఎవరితో జోడించాలో ఇంకా తెలియడం లేదు. బహుశా వాళ్లనే వాళ్లతో జోడించాలి. నామిని పక్కన ఖదీర్‌బాబును పెట్టి చదివినప్పుడు చిత్తూరు, నెల్లూరు ఎంత దగ్గరో తెలిసింది కదా, అలాగే.

ప్రస్తుతానికి అడ్డంకి వేరే ఉంది. 'మాలపల్లి' దొరికింది. 'నారాయణరావు' కూడా దొరికింది, అట్ట ఊడినా పేజీలు పూర్తిగానే ఉన్నాయి. 'వేయిపడగలు' మాత్రం మా చెల్లెలి దగ్గరుంది. ఫోన్ చేసి అడిగితే, "నీకిస్తే అది తిరిగి రాదన్నయ్యా, కావాలంటే ఇక్కడికొచ్చి చదువుకో, అన్నం నేను పెడతాను" అంది. ఆ లావు పుస్తకం అయ్యేదాకా పెడతావా అని అడిగాను. బావగారిని కనుక్కుని చెబుతానంది.